ఇంటి కంప్యూటరు ఎంత విద్యుత్తు వాడుతున్నది? – లెక్క తేల్చేది మీటరు మీది ఎర్ర దీపమే

హైదరాబాద్: గృహ విద్యుత్ బిల్లు అనుకున్నదానికంటె ఎక్కువగా వచ్చిన నెలలో కుటుంబ సభ్యుల దృష్టి ముందుగా పడేది పిల్లల గదిలోని కంప్యూటరు మీదనే. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ కాలం నుండి ఇంటి వద్ద ఉండి విధులు నిర్వర్తించే ఉద్యోగులు, ఆన్‌లైన్ తరగతులకు అలవాటుపడిన విద్యార్థులు పెరిగినందున అనేక ఇండ్లలో కంప్యూటరు రోజుకు ఎనిమిది, పది గంటలు పనిచేస్తున్నది. అయితే అది నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చు చేస్తున్నదని అడిగితే కచ్చితమైన సమాధానం లభించడం అరుదు. కొందరు వంద యూనిట్లని, కొందరు పది యూనిట్లని చెబుతారు. వేర్వేరు ఇండ్ల విషయంలో ఈ రెండు సమాధానాలూ నిజమయ్యే అవకాశం ఉండడమే ఇందులోని విశేషం. కాబట్టి ఏ ఇంటి లెక్కను ఆ ఇంటి మీటరు దగ్గరే తేల్చుకొనవలసి ఉంటుంది. అందుకు ప్రత్యేక పరికరాలు కొనవలసిన అవసరం లేదు. గడియారం, కాగితం, పది నిమిషాల ఓపిక చాలును.

ఈ లెక్క కేవలం కుతూహలం కొరకు కాదు. తెలంగాణ రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి 27న ప్రారంభమైన గృహజ్యోతి పథకం క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుకొనే అర్హత గల కుటుంబాలకు సున్నా బిల్లు ఇవ్వబడుతుంది. వాడకం 200 యూనిట్లు దాటిన నెలలో బిల్లు మొత్తాన్ని వినియోగదారుడే చెల్లించవలసి ఉంటుంది. ఈ గీతకు అటు ఇటుగా ఉండే కుటుంబానికి నలభై యూనిట్ల తేడా అంటే చిన్న విషయం కాదు. ఆ నలభై యూనిట్లు కంప్యూటరు ఖాతాలోనివా, గీజరు ఖాతాలోనివా అన్నది తెలియకపోతే, తప్పు లేని వస్తువును కట్టివేసి, అసలు కారణాన్ని వదలివేసే ప్రమాదం ఉన్నది. చదువుకొనే విద్యార్థి కంప్యూటరును కట్టివేయడం సులభమే కాని, దానివల్ల బిల్లు తగ్గుతుందన్న హామీ లేదు.

పెట్టె మీది అంకె వాడకం కాదు

సాధారణంగా జరిగే పొరపాటు ఒకటి ముందుగా చెప్పవలసి ఉన్నది. డెస్క్‌టాప్ కంప్యూటరు వెనుక భాగంలో అమర్చిన పవర్ సప్లై పెట్టె మీద 450 వాట్లు అని ముద్రించి ఉంటుంది. దీనిని చూసి, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ముప్పై రోజులకు 108 యూనిట్లని లెక్క వేస్తారు. బిల్లులపై వెలువడే వార్తా కథనాలలో సైతం ఇటువంటి లెక్కలు అప్పుడప్పుడు చోటు చేసుకుంటాయి. వాస్తవానికి ఆ 450 వాట్లు అనేది ఆ పెట్టె గరిష్ఠంగా ఎంత భారాన్ని మోయగలదో తెలిపే సామర్థ్యమే గాని, అది నిత్యం వాడుకొనే విద్యుత్తు కాదు. పది టన్నులు మోయగల లారీ రెండు బస్తాలతో వెళ్తున్నప్పుడు అందులో పది టన్నుల సరుకు ఉన్నదని ఎవరూ అనరు. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని ఒక సాధారణ డెస్క్‌టాప్, దాని ఎల్‌ఇడి మానిటరు కలిసి ఉత్తరాలు టైపు చేయడానికి, వార్తలు చదవడానికి వాడుకొనేది సుమారుగా 50 నుండి 90 వాట్లు మాత్రమే. 75 వాట్లుగా తీసుకుంటే అదే ఎనిమిది గంటల వాడకానికి నెలకు 18 యూనిట్లు అవుతుంది. అనగా పెట్టె మీది అంకెతో వేసిన లెక్కలో ఆరవ వంతు.

ల్యాప్‌టాప్ విషయంలో పొరపాటు మరొక విధంగా జరుగుతుంది. దాని అడాప్టరు మీద 100 నుండి 240 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటుంది. 230ని 1.5తో గుణించి 345 వాట్లని చెప్పినవారున్నారు. ఆ 1.5 ఆంపియర్లు అతి తక్కువ వోల్టేజి వద్ద తీసుకొనగల గరిష్ఠ కరెంటు. అదే అడాప్టరు మీద, దిగువ వరుసలో, అది బయటకు ఇచ్చే విద్యుత్తు 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటుంది. గుణిస్తే 65 వాట్లు వస్తాయి. ఇది కూడా గరిష్ఠమే. బ్యాటరీ నిండిన తరువాత, సాధారణ పనిలో, చాలా ల్యాప్‌టాప్‌లు 10 నుండి 25 వాట్లకు మించి తీసుకొనవు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన కంప్యూటర్లు కూడా లేకపోలేదు. వీడియో ఆటల కొరకు, బొమ్మల ఎడిటింగు కొరకు అమర్చే గ్రాఫిక్స్ కార్డులలో కొన్నింటి సామర్థ్యమే పెద్దది. 2022లో విడుదలైన ఎన్‌విడియా ఆర్‌టిఎక్స్ 4090 కార్డుకు తయారీదారు పేర్కొన్న విద్యుత్ పరిమితి 450 వాట్లు. అటువంటి యంత్రం మీద రోజుకు ఐదు గంటలు ఆట ఆడితే, ఆ కార్డు ఒక్కటే నెలకు 67 యూనిట్ల వరకు తీసుకొనగలదు. కంప్యూటరుకు ఇన్ని యూనిట్లు అని ఒకే అంకెను అందరికీ వర్తింపజేయరాదనడానికి ఇదొక్కటి చాలును.

మీటరు చెప్పే లెక్క

విద్యుత్ మీటరు ముఖంపై అంకెల తెర ప్రక్కన ఒక చిన్న ఎర్ర దీపం ఉండి, వాడకాన్ని బట్టి మిణుకుమంటూ ఉంటుంది. దాని సమీపంలో, ఆంగ్లంలో, కిలోవాట్ అవరుకు ఇన్ని ఇంపల్సులు అని ముద్రించి ఉంటుంది. గృహ మీటర్లలో 3200 లేదా 1600 అనే అంకె తరచుగా కనిపిస్తుంది. 3200 అని ఉంటే, ఆ దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ ఖర్చయినట్లు అర్థం. ఈ లెక్కన ఒక్కొక్క మిణుకు 0.3125 వాట్ అవరుకు సమానం. మీటరు తెర మీది రీడింగు కంటె ఈ దీపం ఎన్నో రెట్లు సూక్ష్మమైన కొలబద్ద. ఎందుకనగా 75 వాట్ల కంప్యూటరు నాలుగు గంటలు నడిచినా తెర మీద 0.3 యూనిట్లు మాత్రమే జరుగుతుంది. తెర ఒక దశాంశ స్థానం వరకే చూపేదైతే ఆ లెక్కలో మూడవ వంతు వరకు పొరపాటు రావచ్చును. దీపాన్ని లెక్కిస్తే రెండున్నర నిమిషాలలోనే విషయం తేలుతుంది.

చేయవలసినది ఇది. ఇంట్లోని ఫ్యాన్లు, లైట్లు, రిఫ్రిజిరేటరు, వైఫై పెట్టె, సెల్‌ఫోన్ చార్జర్లతో సహా కంప్యూటరు తప్ప అన్నింటినీ ఆపివేయాలి. ఎంసిబి బోర్డులో ఆయా గదుల స్విచ్చులను దించివేస్తే పని సులభమవుతుంది. కంప్యూటరును ఆన్ చేసి, అది పూర్తిగా తెరుచుకొనే వరకు రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆ తరువాత మీటరు వద్ద ఒక మిణుకును సున్నాగా తీసుకొని గడియారం ప్రారంభించాలి. తదుపరి మిణుకు ఒకటి, ఆ తరువాతది రెండు, ఇట్లా పది వరకు లెక్కించి, పదవ మిణుకు వద్ద కాలాన్ని చూడాలి. మొదటి మిణుకునే ఒకటిగా లెక్కించడం ఇక్కడ జరిగే సాధారణమైన తప్పు. అట్లా చేస్తే తొమ్మిది మిణుకుల కాలాన్ని పదిగా భ్రమించినట్లవుతుంది.

వాట్లు కావాలంటే, మిణుకుల సంఖ్యను 36 లక్షలతో గుణించి, వచ్చినదానిని మీటరు మీది అంకెతోను, పట్టిన సెకన్లతోను భాగించాలి. 3200 మీటరులో పది మిణుకులకు 150 సెకన్లు పట్టిందనుకుంటే వాడకం 75 వాట్లు. వీడియో ఎడిటింగు వంటి బరువైన పని చేస్తున్నప్పుడు అదే పది మిణుకులు 90 సెకన్లలో పూర్తయితే 125 వాట్లు. కంప్యూటరును స్లీప్ స్థితిలో ఉంచినప్పుడు ఒక్క మిణుకు కొరకే ఆరు నిమిషాల పదిహేను సెకన్లు నిరీక్షించవలసి వస్తే, అది తీసుకొంటున్నది 3 వాట్లు మాత్రమే. లెక్కపై సందేహం ఉన్నవారు తెలిసిన వస్తువుతో సరిచూసుకొనవచ్చును. వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బు ఒక్కటే వెలుగుతున్నప్పుడు 3200 మీటరులో దీపం సుమారు పదకొండు సెకన్లకు ఒకసారి మిణుకుమనాలి.

ఇంకా కొన్ని ఇండ్లలో అల్యూమినియం చక్రం తిరిగే పాత మీటర్లు కనిపించవచ్చును. కేంద్ర విద్యుత్ అథారిటీ 2006లో జారీ చేసిన మీటర్ల నిబంధనల ప్రకారం కొత్తగా అమర్చేవి ఎలక్ట్రానిక్ మీటర్లే. అయినను చక్రపు మీటరుకు సైతం పద్ధతి ఒకటే. యూనిట్‌కు 600 చుట్లు అని ఉన్న మీటరులో, 75 వాట్ల కంప్యూటరుకు చక్రం ఒక చుట్టు తిరగడానికి 80 సెకన్లు పడుతుంది. చక్రం అంచుపై ఉన్న నల్ల గుర్తును చూసి లెక్కించాలి.

రిఫ్రిజిరేటరును ఆపివేయడం ఇష్టం లేనివారికి, వృద్ధులు లేదా రోగులు ఉన్నందున ఫ్యాన్లు ఆపలేనివారికి మరొక మార్గం ఉన్నది. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు ఒకసారి, నడుస్తున్నప్పుడు ఒకసారి కొలిచి, రెండింటి మధ్య తేడాను తీసుకోవాలి. అయితే రిఫ్రిజిరేటరులోని కంప్రెసరు తనంతట తానే ఆగుతూ, నడుస్తూ ఉంటుంది కనుక, రెండు కొలతల సమయంలోను అది ఆగి ఉన్నదో లేదో చెవి ఒగ్గి గమనించాలి. ఈ జాగ్రత్త లేని తేడా లెక్కకు విలువ లేదు.

అపార్ట్‌మెంటులో చిక్కు

నగరాలలో మీటరు ఇంటి గుమ్మం ప్రక్కన ఉండదు. అది సెల్లారులో, ఇరవై ముప్పై మీటర్ల వరుసలో, తాళం వేసిన గదిలో ఉంటుంది. అందుచేత ముందుగా ఆ మీటరు తమదేనని నిర్ధారించుకొనవలసి ఉన్నది. బిల్లుపై ముద్రించిన మీటరు నెంబరును మీటరు ముఖంపై ఉన్న నెంబరుతో సరిచూడాలి. ఫ్లాటు నెంబరు పెయింటుతో వ్రాసి ఉన్నంత మాత్రాన నమ్మరాదు. తరువాత ఒకరు ఇంట్లోను, ఒకరు సెల్లారులోను నిలబడి ఫోనులో మాట్లాడుకుంటూ కొలవవచ్చును. అంతకంటె సులభమైన పద్ధతి, మీటరు దీపాన్ని సెల్‌ఫోనుతో ఐదు నిమిషాల పాటు వీడియో తీయడం. తరువాత తీరికగా కూర్చొని వీడియోలో మిణుకులను, సెకన్లను లెక్కించుకొనవచ్చును. లెక్క తప్పితే మళ్ళీ మెట్లు దిగే పని ఉండదు.

ఇక్కడ మూడు విషయాలు కొలతను పాడు చేస్తాయి. మొదటిది ఇన్వర్టరు. విద్యుత్తు పోయి వచ్చిన తరువాత కొన్ని గంటల పాటు ఇన్వర్టరు తన బ్యాటరీని నింపుకుంటూ కంప్యూటరు కంటె ఎక్కువ విద్యుత్తును తీసుకొనగలదు. ఆ సమయంలో కొలిస్తే బ్యాటరీ ఖర్చు కంప్యూటరు ఖాతాలో పడుతుంది. కాబట్టి ఇన్వర్టరు మెయిన్ స్విచ్చును ఆపి, కంప్యూటరు ఇన్వర్టరు లైనులో కాక నేరు లైనులోనే ఉన్నదని చూసుకోవాలి. కంప్యూటరుకు విడిగా యుపిఎస్ ఉన్నట్లయితే దానిని ఆపనవసరం లేదు. అది కంప్యూటరు ఖర్చులో భాగమే. యుపిఎస్ బ్యాటరీ నిండిన తరువాత కొలిస్తే సరిపోతుంది. కంప్యూటరును ఆపివేసినా యుపిఎస్ కొన్ని వాట్లు తీసుకుంటూనే ఉంటుంది గనుక, దానిని విడిగా కూడా ఒకసారి కొలవడం మంచిది.

రెండవది ఇంటిపై సౌర ఫలకలు. 2024లో కేంద్ర ప్రభుత్వం పిఎం సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించిన తరువాత ఇండ్ల కప్పులపై సౌర విద్యుత్ ఏర్పాటు మరింతగా ప్రచారంలోకి వచ్చినది. నెట్ మీటరు ఉన్న ఇంట్లో పగటి వేళ దీపం మిణుకులు ఇంటి వాడకాన్ని తెలుపవు. ఇంటి నుండి లైనులోకి వెళ్తున్న విద్యుత్తుకు కూడా దీపం మిణుకుమనవచ్చును. కనుక అటువంటి ఇండ్లలో సూర్యాస్తమయం తరువాతనే కొలవాలి. మూడవది రెండు దీపాల మీటరు. కొన్ని మీటర్లపై రెండు దీపాలుంటాయి. వాటిలో కిలోవాట్ అవర్ అని వ్రాసి ఉన్నదానినే లెక్కించాలి. రెండవది రియాక్టివ్ విద్యుత్తుకు సంబంధించినది. గృహ వినియోగదారుని యూనిట్ల లెక్కకు దానితో నిమిత్తం లేదు.

మీటరు సీలును గాని, మూతను గాని, తీగలను గాని తాకవలసిన అవసరం ఈ పద్ధతిలో ఎక్కడా లేదు. సీలును కదిలించడం విద్యుత్ చట్టం, 2003 ప్రకారం నేరం. అద్దంలో నుండి చూసి లెక్కించడం మాత్రమే వినియోగదారుని పని.

ప్లగ్గు మీటరు, క్లాంప్ మీటరు

కొంత ఖర్చు చేయగలిగినవారు ప్లగ్గుకు, సాకెట్‌కు మధ్యన అమర్చే చిన్న వాట్ మీటరును కొనుక్కొనవచ్చును. దీనితో ఉన్న ప్రయోజనం ఏమనగా, కంప్యూటరును నెల రోజులు దాని గుండా నడిపి మొత్తం యూనిట్లను నేరుగా చదువుకొనవచ్చును. పని చేస్తున్నప్పటి వాడకం, ఊరక ఉన్నప్పటి వాడకం, రాత్రి స్లీప్‌లో ఉన్నప్పటి వాడకం అన్నీ అందులో కలసి వస్తాయి. అయితే ఒకటి రెండు వాట్ల వంటి స్వల్ప వాడకాన్ని కొలవడంలో చౌక పరికరాలు తడబడతాయి. ఉపకరణాల స్టాండ్‌బై విద్యుత్తును కొలిచే విధానం కొరకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2005లో ఐఇసి 62301 అనే ప్రత్యేక ప్రమాణాన్నే వెలువరించినదంటే, ఆ పని పైకి కనిపించేంత సులభం కాదని గ్రహించవచ్చును.

ఎలక్ట్రీషియన్ల వద్ద ఉండే క్లాంప్ మీటరుతో మాత్రం జాగ్రత్త అవసరం. ప్లగ్గు తీగను మొత్తంగా అందులో ఉంచితే సున్నా చూపుతుంది. వెళ్ళే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు ఒకదానినొకటి రద్దు చేసుకొనడమే ఇందుకు కారణం. ఒక్క తీగనే విడదీసి పట్టుకున్నా వచ్చేది ఆంపియర్లే గాని వాట్లు కావు. ఆంపియర్లను 230 వోల్టులతో గుణిస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు. పాత పవర్ సప్లైల పవర్ ఫాక్టరు 0.65 వరకు తక్కువగా ఉండేది. అటువంటి కంప్యూటరు అర ఆంపియరు తీసుకుంటున్నదనుకుంటే గుణకారం 115 అని చెబుతుంది. అసలు వాడకం 75 వాట్లే. గృహ మీటరు నమోదు చేసేది ఈ 75నే. ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పిన అంకె, మీటరు చూపిన అంకె కలవకపోవడానికి, మీటరు చెడిపోయిందన్న అనుమానానికి చాలా సందర్భాలలో ఇదే మూలం కావచ్చును.

మీటరు లెక్కపై ఎంతవరకు ఆధారపడవచ్చుననే ప్రశ్న సహజం. గృహ మీటర్లు క్లాస్ 1 ప్రమాణానికి చెందినవి. అనగా వాటి నమోదులో అనుమతించబడిన తేడా సాధారణ భారం వద్ద ఒక శాతం. 150 సెకన్ల కొలతలో గడియారం ఒక సెకను అటు ఇటు అయినా వచ్చే తేడా ఒక శాతం లోపే. ఇంటి అవసరానికి ఇంతకు మించిన కచ్చితత్వం అక్కరలేదు.

గంటలే అసలు విషయం

వాట్లు తెలిసిన తరువాత మిగిలినది గంటల లెక్క. పైన చెప్పిన 75 వాట్ల కంప్యూటరును ఒక ఇంట్లో రోజుకు ఐదు గంటలు వాడి, మిగిలిన పందొమ్మిది గంటలు స్లీప్‌లో ఉంచుతారనుకుందాము. వాడకానికి 11.25 యూనిట్లు, స్లీప్‌కు 1.71 యూనిట్లు, వెరసి ముప్పై రోజులకు సుమారు 13 యూనిట్లు. అదే కంప్యూటరును మరొక ఇంట్లో రాత్రింబవళ్ళు ఆన్ చేసి వదిలివేస్తే 54 యూనిట్లు. వాడుకున్నది రెండిండ్లలోను ఐదు గంటలే. తేడా 41 యూనిట్లు.

ఈ రెండిండ్లలోను కంప్యూటరు కాక ఇతర వాడకం 170 యూనిట్లు అనుకుంటే, మొదటి ఇంటి మొత్తం 183, రెండవ ఇంటి మొత్తం 224. తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 టారిఫ్ ఉత్తర్వులోని ధరల ప్రకారం, 200 యూనిట్ల లోపు వర్గంలో మొదటి వంద యూనిట్లకు 3.40 రూపాయలు, తరువాతి వందకు 4.80 రూపాయలు. మొదటి ఇంటికి వచ్చే విద్యుత్ చార్జీ 738.40 రూపాయలు. వాడకం 200 దాటితే వినియోగదారుని వర్గమే మారిపోయి, మొదటి యూనిట్ నుండి 200 వరకు 5.10 రూపాయలు, ఆపైన 300 వరకు 7.70 రూపాయలు చొప్పున పడుతుంది. రెండవ ఇంటికి 1204.80 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం ఇందులో కలపలేదు. 41 యూనిట్ల వల్ల పెరిగినది 466.40 రూపాయలు, అనగా యూనిట్ ఒక్కింటికి పదకొండు రూపాయలకు పైగా. గృహజ్యోతికి అర్హత గల కుటుంబాలైతే మొదటి ఇంటికి సున్నా బిల్లు, రెండవ ఇంటికి పూర్తి బిల్లు.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరుగా ఉంటుంది. అక్కడి 2022-23 టారిఫ్ ఉత్తర్వులో గృహ వినియోగదారులందరినీ ఒకే వర్గంలో చేర్చి, వాడకం పెరిగిన కొద్దీ పై శ్లాబులోని యూనిట్లకు మాత్రమే హెచ్చు ధర నిర్ణయించారు. అందులో 126 నుండి 225 యూనిట్ల వరకు ధర 6 రూపాయలు. అవే రెండిండ్లు అక్కడ ఉంటే విద్యుత్ చార్జీ 765 రూపాయలు, 1011 రూపాయలు అవుతుంది. తేడా 246 రూపాయలు. కంప్యూటరు అదే, యూనిట్లు అవే, రెండు రాష్ట్రాలలో భారం వేరు. బిల్లులపై సమాచారం ఇచ్చేటప్పుడు సగటు ధరను చెప్పడం కంటె, చివరి యూనిట్లు ఏ శ్లాబులో పడుతున్నవో చెప్పడం వినియోగదారునికి ఎక్కువ ఉపయోగకరం.

ఇంతటితో కంప్యూటరునే దోషిగా నిలబెట్టరాదు. 75 వాట్లు అంటే ఒక పాత తరహా సీలింగు ఫ్యాను వాడేటంత. రెండు వేల వాట్ల గీజరు పదిహేను నిమిషాలు నడిస్తే అర యూనిట్ ఖర్చవుతుంది. ఆ అర యూనిట్‌తో ఈ కంప్యూటరు ఆరున్నర గంటలకు పైగా నడుస్తుంది. మీటరు దగ్గర నిలబడి గీజరు వేయించి చూస్తే, ఎర్ర దీపం సెకనుకు దాదాపు రెండుసార్లు చొప్పున మిణుకుమంటుంది. ఇంట్లోని పిల్లలకు వాట్లంటే ఏమిటో బోధించడానికి ఇంతకంటె మంచి పాఠం దొరకదు.

స్క్రీన్ సేవరు విద్యుత్తును పొదుపు చేస్తుందన్న నమ్మకం ఇప్పటికీ కొన్ని చోట్ల ఉన్నది. పాత గాజు పిక్చర్ ట్యూబు మానిటర్లలో ఒకే బొమ్మ చాలాసేపు నిలిచి తెరపై మచ్చ పడకుండా కాపాడడం కొరకు అవి పుట్టినవి. ఆ పదిహేడు అంగుళాల మానిటరు ఒక్కటే 70, 80 వాట్లు తీసుకొనేది. తెరపై చేపలు ఈదుతున్నా, ఉత్తరం కనిపిస్తున్నా దాని వాడకంలో చెప్పుకోదగిన తేడా ఉండేది కాదు. నేటి ఎల్‌ఇడి తెరలకు 15 నుండి 25 వాట్లు చాలుతున్నవి. పొదుపు కలిగేది తెర పూర్తిగా ఆరిపోయినప్పుడు, యంత్రం స్లీప్‌లోకి వెళ్ళినప్పుడు మాత్రమే. కంప్యూటరు సెట్టింగులలో పదిహేను నిమిషాల తరువాత స్లీప్ అని ఒకసారి నిర్ణయిస్తే, తరువాత ఎవరికీ గుర్తుచేయవలసిన పని ఉండదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1992లో ఎనర్జీ స్టార్ గుర్తును ప్రవేశపెట్టినప్పుడు మొదట ఎంచుకున్నవి కంప్యూటర్లు, మానిటర్లే కావడం గమనార్హం. పని లేనప్పుడు నిద్రపోవడమే ఆ గుర్తు కోరిన ప్రధాన లక్షణం.

పవర్ సప్లై నాణ్యతకు కూడా లెక్కలో వాటా ఉన్నది. గోడ నుండి తీసుకున్న విద్యుత్తులో కొంత భాగం ఆ పెట్టెలోనే వేడిగా పోతుంది. లోపలి భాగాలకు 60 వాట్లు కావలసి ఉంటే, 80 శాతం సామర్థ్యం గల పెట్టె 75 వాట్లు తీసుకుంటుంది. 65 శాతం సామర్థ్యం గల పాత పెట్టె 92 వాట్లు తీసుకుంటుంది. 2004లో ఆరంభమైన 80 ప్లస్ గుర్తు ఈ తేడాను తెలుపుతుంది. కొత్త కంప్యూటరు కొనేవారు వాట్ల సంఖ్యతో పాటు ఈ గుర్తును కూడా చూడవచ్చును. ఎ.సి. గదిలో కంప్యూటరు నడిపితే మరొక చిన్న ఖర్చు ఉన్నది. కంప్యూటరు వాడుకున్న విద్యుత్తంతా చివరకు గదిలో వేడిగా మారుతుంది. దానిని బయటకు పంపడానికి ఎ.సి. యంత్రం మరికొంత, సుమారుగా మూడవ వంతు, అదనంగా వాడుకుంటుంది.

కార్యాలయాల అధికారులకు ఈ లెక్క మరింతగా వర్తిస్తుంది. అరవై కంప్యూటర్లు గల కార్యాలయంలో సాయంత్రం ఐదు గంటలకు అందరూ తెరలు మాత్రమే ఆపి వెళ్ళారనుకుందాము. ఒక్కొక్క యంత్రం 60 వాట్లు తీసుకుంటున్నట్లయితే, మరునాడు ఉదయం పది గంటల వరకు ఎవరూ లేని గదులలో 61 యూనిట్లు ఖర్చవుతుంది. ఒక చిన్న కుటుంబం పది పదిహేను రోజులు వాడుకొనేటంత విద్యుత్తు ఒక్క రాత్రిలో పోతుంది.

ఇంట్లో అన్నీ ఆపివేసినా మీటరు దీపం మిణుకుమంటూనే ఉంటే, కంప్యూటరు కొలతను అక్కడే ఆపి ముందుగా ఆ సంగతి చూడవలసి ఉన్నది. మరచిపోయిన మోటారో, గోడలో ఎక్కడో లీకేజీయో, తమ మీటరుకు కలిసిన వేరొకరి తీగో ఉండవచ్చును. మెయిన్ స్విచ్చును దించి చూడాలి. అప్పుడు దీపం ఆగితే లోపం ఇంటి వైరింగులో ఉన్నట్లు. దానిని ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. మెయిన్ దించిన తరువాత కూడా మిణుకులు ఆగకపోతే మీటరును గాని, మీటరుకు, మెయిన్‌కు మధ్య గల లైనును గాని పరీక్షించవలసినది విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందే. ఇందుకొరకు 1912 నెంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించుకొనవచ్చును. మిణుకుల లెక్క, పట్టిన సెకన్లు, మీటరు నెంబరు, తేదీ, తీసిన వీడియో ఫిర్యాదుదారుని వద్ద ఉన్నట్లయితే, పరీక్షకు వచ్చిన సిబ్బందికి అవి ఆధారంగా ఉపయోగపడతాయి.